నా పేరు పెట్టబోయిన పాచి

నేను చదివింది వడమాలపేట బడిలో ఎనిమిదో తరగతి వరకే. అయినా తిరుపతిలో నేను పనిచేసిన కాలేజీలో ఎమ్మెస్సీ పిల్లలు చేతిలో పాచి ముక్క పట్టుకుని ముందు నా బల్ల దగ్గరికి వచ్చేవారు, ఆ తరువాతే లెక్చరర్ల గదికి వెళ్ళేవారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, అడిగితే వాళ్ళే చెబుతారు. 1958లో వృక్షశాస్త్ర శాఖలో అటెండరుగా చేరి 1983లో రిటైరయ్యాను. ఆ ఇరవై అయిదేళ్ళలో ఆరువేల రెండువందల పైచిలుకు ఎండు మొక్కల పొట్లాలు కట్టి, నంబర్లు వేసి, అల్మారాల్లో సర్దాను. ఒక్క పొట్లానికి పురుగు పట్టలేదు. ఒకసారి మద్రాసు నుంచి తనిఖీకి వచ్చిన పెద్దాయన అల్మారా తలుపు తీసి వాసన చూసి, "ఇదంతా ఎవరు చూసుకుంటారు?" అని అడిగి, ప్రిన్సిపాల్ గారి ఎదుటే నాతో చేయి కలిపి వెళ్ళారు.

లాటిన్ పేర్లు నాకు చెవి ద్వారానే వచ్చాయి. మా ఇళ్ళలో పాశురాలు నేర్చుకునేదీ అట్లాగే. పెద్దలు చెబుతారు, పిల్లలు తిరిగి చెబుతారు, పుస్తకం తరువాత వస్తుంది. మా ఊళ్ళో మావాళ్ళది పెరుమాళ్ళకు మాలలు కట్టే సేవ. ఆ సేవలో ఒక పద్ధతి ఉంది. గుడికి పోయే పూలతట్ట వెలితిగా పోకూడదు. మన తోటలో ఆ పూట పూలు తక్కువ పూస్తే పక్కవాళ్ళ తట్టలోంచి అవే రంగు పూలు తీసి నింపుకోవచ్చు. ఎవరూ అడగరు, ఎవరూ తప్పు పట్టరు. ఆరేళ్ళ వయసు నుంచి నా చేతులు ఆ పని చేశాయి.

ఆ చేతులు కాలేజీలోనూ అదే పని చేశాయి. దానివల్ల నేను రెండేళ్ళపాటు ఊపిరి సరిగా ఆడనివాడిలా బతికాను. నా జీవితంలో చెప్పుకోదగ్గవి చాలా ఉన్నా, ఈ ఒక్క సంగతి రాయకుండా మిగతావి రాస్తే లెక్క సరిపోదు.

1974లో వకుళాదేవి మేడమ్ మా శాఖకు లెక్చరరుగా వచ్చారు. తిరుపతిలోనే పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ నాయన బడిపంతులు. అప్పటికి ఆమెకు ముప్పై దాటలేదు, నాకు యాభై దగ్గరపడుతోంది. వచ్చిన వారానికే నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"దేవనాథయ్యా, మన జిల్లా కొండల్లో తడి రాళ్ళకు అతుక్కుని పెరిగే లివర్‌వర్టుల మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటా ఉండాను. అవి యాడ యాడ దొరుకుతాయో మీకు బాగా తెలుసంట గదా."

"పాచి సంగతేనా మేడమ్?"

"పాచి అనకండి. పాచి వేరు, ఇది వేరు."

"కాలు జారేదానికి రెండూ ఒకటే మేడమ్" అన్నాను.

పక్కన గాజుసీసాలు కడుగుతున్న జిలాన్ పెద్దగా నవ్వాడు. జిలాన్ మా లేబొరేటరీ అసిస్టెంటు. వాళ్ళ నాయనది ఊళ్ళో అత్తరు దుకాణం. నాకంటే పదేళ్ళు చిన్నవాడు కాబట్టి నన్ను అన్నా అనేవాడు, నా మీద జోకులు వేసే హక్కు కూడా దాంతోపాటే తీసుకున్నాడు. "రాసుకోండి మేడమ్, థీసిస్‌లో మొదటి వాక్యం అదే" అన్నాడు. మేడమ్ కూడా నవ్వారు. ఆ రోజు నుంచి మేం ముగ్గురం ఒక జట్టు.

ఆమె అన్నిటికంటే ఎక్కువ మనసు పెట్టింది సయాథోడియం అనే చిన్న ప్రజాతి మీద. ప్రజాతి అంటే ఇంటిపేరు అనుకోండి, జాతి అంటే పెట్టిన పేరు. ఈ ఇంటిపేరు ఉన్నవాళ్ళు లోకమంతా వెతికినా పదీ పన్నెండు మందికి మించరు. గుహల్లో, పాత బావుల గోడల మీద, వెలుతురు సరిగా పడని తేమ చోట్ల వానాకాలం నాలుగు నెలలు బతుకుతుంది. చిన్న రేకు. ఉల్లిపొర కంటే పలచన. పక్కనుంచి కాస్త వెలుతురు తగిలితే బంగారం కలిపిన ఆకుపచ్చగా మెరుస్తుంది. చెయ్యి వేసి మనవైపు తిప్పుకుంటే ఆ మెరుపు పోతుంది.

దీని దగ్గరి చుట్టం టార్జియోనియా. దాని రేకులో గాలిగదులుంటాయి, ఆ గదుల్లో పచ్చటి పోగులు నిండుగా ఉంటాయి. సయాథోడియానికి గదులున్నాయి కానీ లోపల ఏమీ లేదు. అందుకని కొందరు పండితులు దీన్ని టార్జియోనియా కుటుంబంలోనే ఉంచారు, మరికొందరు వేరు కాపురం పెట్టించారు. మేడమ్ నాకు మైక్రోస్కోపులో రెండూ చూపించి ఈ గొడవంతా విడమరిచి చెప్పారు.

"ఇంట్లో సామాను లేదని వేరు పెట్టేస్తారా మేడమ్?" అని అడిగాను.

"మద్రాసులో మా గైడుగారు అట్లనే అంటారు. మీరొచ్చి ఆయనతో వాదిద్దురు రండి."

వాదించలేదు కానీ, రెండేళ్ళలో ఆ ప్రజాతి దొరికే చోట్లు జిల్లాలో పద్నాలుగు కనిపెట్టి ఇచ్చాను. అందులో తొమ్మిది ఎవరి సాయమూ లేకుండా నేనొక్కణ్ణే కనిపెట్టినవి.

1976 ఆగస్టులో ఒక గురువారం తలకోన వెళ్ళి, జలపాతం కింది బండ సందులోంచి సయాథోడియం దండిగా తెచ్చాను. దాని రేకు కొసన ఆవగింజంత గడ్డ ఉంటుంది. ఎండాకాలం రేకు మాడిపోయినా ఆ గడ్డ బతికి, వాన పడగానే మళ్ళీ రేకు వేస్తుంది. తరువాతి ఆదివారం చంద్రగిరి వెళ్ళాను. కోట వెనక కొండ మొదట్లో ఒక పాత నీటి అర ఉంది. రాతితో కట్టి పైన బండలు కప్పినది. ఒక బండ ఒరిగి అడుగున్నర సందు ఏర్పడింది. కాళ్ళు ముందు పెట్టి, పొట్ట బిగించి, వెల్లకిలా జారాలి. లోపల నిలబడితే తల పైకప్పుకు తగులుతుంది. అక్కడ కూడా సయాథోడియం ఉంది, కానీ గోడ మీద అరచేయంత మేరే. గీకి తీస్తే పొట్లంలో చిటికెడు.

మేడమ్ ఆ వారం మద్రాసులో ఉన్నారు. రెండు పొట్లాలూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాను. తలకోనది ఉబ్బుగా ఉంది. చంద్రగిరిది ఖాళీ కవరులా ఉంది. మేడమ్ ఆ పొట్లం విప్పి, ఇంతేనా అనుకుంటారేమోనని నాకు నామోషీ అనిపించింది. రెండూ ఒకే రంగు, ఒకే పలచన, ఒకే ఇంటిపేరు. తలకోన పొట్లంలోంచి నాలుగు వేళ్ళతో తీసి చంద్రగిరి పొట్లంలో వేసి, తడి ఆరకముందే మెత్తగా అదిమాను. ఎండేసరికి రేకులన్నీ ఒకదానికొకటి అంటుకుని ఒకే ముద్దయ్యాయి. పెన్సిలుతో నంబరు రాశాను. తట్ట నిండింది అనుకుని అల్మారాలో పెట్టాను. ఇంతే జరిగింది. అర నిమిషం పని.

నవంబరులో ఒక మధ్యాహ్నం మేడమ్ మైక్రోస్కోపు ముందు నుంచి లేచి, "జిలాన్, దేవనాథయ్యను పిలువు" అని కేక పెట్టారు. వెళ్ళేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది.

"చంద్రగిరి పొట్లం చూసినాను. గడ్డ ఉండాది. గడ్డ ఉండే రకం పుస్తకంలో ఒకటుండాది, మీ తలకోనది అదే. కానీ దీని సిద్ధబీజాల మీద, అదే విత్తనాలకు బదులుండే పొడి మీద, ముళ్ళు ఆ రకానికి ఉన్నట్టు లేవు. పూర్తిగా వేరే తీరు. గడ్డ దానిది, ముళ్ళు ఇంకొకదానివి. ఇట్లాంటి జాతి ఇంతవరకు ఎవరూ రాయలేదు. మా గైడుగారు కూడా చూసి ఒప్పుకున్నారు."

గడ్డ దానిది, ముళ్ళు ఇంకొకదానివి. ఆ మాట వినగానే నా నాలుగు వేళ్ళు నాకు గుర్తొచ్చాయి. చెబుదామని నోరు తెరిచాను.

"ఆగండి, అసలు సంగతి చెప్పనీండి" అన్నారు మేడమ్. "కనిపెట్టినోళ్ళ పేరు పెట్టే ఆచారం ఉండాది. దీనికి మీ పేరు పెడతా ఉండాను. సయాథోడియం దేవనాథని."

జిలాన్ చేతిలోని సీసా కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. "అరె అన్నా! లాటిన్‌లో చేరిపోయినావు గదన్నా! ఇంక మమ్మల్ని పలకరిస్తావా?" పక్క గదుల్లోంచి లెక్చరర్లు వచ్చారు. ఒకాయన నా భుజం తట్టాడు. ఎవరో టీ తెప్పించారు. అందరి మధ్య గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. తెరిచిన నోరు టీ తాగడానికి పనికొచ్చింది.

రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు మేడమ్ పత్రికకు వ్యాసం మొదలుపెట్టారు.

ఇంట్లో నేను చెప్పలేదు. జిలానే దోవలో నా భార్య పెరుందేవికి ఎదురుపడి చెప్పేశాడు. ఆమె సాయంత్రం నా ముందు కాఫీ లోటా పెట్టి, "మా నాయన అల్లుడి పేరు పాచికి పెడతారంట, నిజమేనా?" అంది.

"పాచి కాదు. లివర్‌వర్ట్."

"ఏదోలే. కాళ్ళు జారి పడేటోళ్ళందరూ ఇంక మీ పేరే తలుచుకుంటారు." అట్లా అంటూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. పెళ్ళై ఇరవై ఏడేళ్ళయింది. ఆమె నా గురించి కళ్ళు తుడుచుకోవడం అదే మొదటిసారి. అప్పుడు కూడా చెప్పలేకపోయాను.

వార్త వడమాలపేట చేరింది. నేను చదివిన బడికి అప్పుడు దొరస్వామి అనే ఆయన హెడ్మాస్టరు. జనవరిలో నన్ను పిలిపించి, పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, నాకు శాలువా కప్పారు. బడి గోడ మీద నల్లరంగు పూసిన చోట తెల్ల పెయింటుతో "ఈ బడి విద్యార్థి దేవనాథన్ పేరు ఒక మొక్కకు పెట్టబడినది" అని రాయించారు. ఇంకా పెట్టలేదండీ, వ్యాసం అచ్చు కావాలండీ అంటే, "నేడో రేపో అయ్యేదే గదప్పా. పెయింటరు మళ్ళీ దొరకడు" అన్నారు. నాకు నాలుగు మాటలు మాట్లాడమన్నారు. బాగా మాట్లాడానని ఇప్పటికీ అంటారు. కష్టపడితే పల్లెటూరి బిడ్డ కూడా పుస్తకంలో ఎక్కవచ్చని చెప్పాను. మాట్లాడుతున్నంతసేపూ శాలువా మెడకు బిగుసుకుంటున్నట్టే ఉంది.

అప్పుడు నాకు ఒక ఆశ పుట్టింది. చంద్రగిరి నీటి అరలోని మొక్కకు కూడా నిజంగానే గడ్డ ఉంటే? నేను గీకిన చిటికెడులో లేదేమో కానీ మిగతా గోడ మీద ఉండవచ్చు. అట్లా అయితే నేను కలిపినా కలపకపోయినా ఒకటే, కొత్త జాతి కొత్త జాతే. 1977 వానాకాలంలో ఆరు ఆదివారాలు చంద్రగిరి బస్సెక్కాను. ఆ సందులోంచి జారి, టార్చి పట్టుకుని గోడ మీద ఒక్కో రేకూ కొస కొస వెతికాను. లోపల గాలి ఉండదు. వీపు రాతికి, మోకాళ్ళు ఎదురుగోడకు ఆనుతాయి. ఆ మెరుపు మధ్య గంటలు కూర్చున్నాను. గడ్డ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

నాలుగో ఆదివారం జిలాన్ కూడా వెంట వచ్చాడు. పైన బండ మీద కూర్చుని కిందికి అరిచాడు. "అన్నా, ఏం పోగొట్టుకున్నావు ఆడ?"

"ఏం లేదురా. చూస్తా ఉండా."

"నీ పేరున్న మొక్కే గదా, నిన్ను చూసి అదే లేచి నిలబడాల. నువ్వెందుకు దాన్ని దేవులాడేది?"

టార్చి ఇంకో రేకు మీదికి తిప్పాను. పైకి వచ్చాక వాడు నా ముఖం చూసి నీళ్ళ సీసా అందించాడు.

ఆ ఏడాది మేడమ్ సెలవు పెట్టి మద్రాసులోనే ఉండి థీసిస్ రాస్తున్నారు. చంద్రగిరి నుంచి తాజా మొక్కలు పంపమని ఉత్తరం రాశారు. ఈ ఏడు వాన తక్కువ, మొక్క సరిగా లేవలేదు అని జవాబు రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం అది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మేడమ్ తిరుగు ఉత్తరంలో మెచ్చుకున్నారు.

1978 జులైలో ఆమె తిరిగి వచ్చారు. పత్రికవాళ్ళు వ్యాసం తీసుకుంటామన్నారట, కానీ ఒక షరతు పెట్టారు. అదే చోట మళ్ళీ సేకరించి, గడ్డలున్న మొక్క గోడ మీద ఉండగా ఫోటో తీసి పంపాలి.

"వచ్చే ఆదివారం ముగ్గురం పోదాం" అన్నారు మేడమ్. "కెమెరా తెచ్చినాను. ఈ ఫోటో ఒకటి పడితే మీ పేరు అచ్చయినట్టే దేవనాథయ్యా."

ఆ గురువారం నేను సెలవు పెట్టి ఒక్కణ్ణే తలకోన వెళ్ళాను. బండ సందులోంచి మట్టితో సహా గడ్డలున్న సయాథోడియం ఒలిచి, తడిగుడ్డలో చుట్టి, పెరుందేవి చిత్రాన్నం పెట్టిచ్చిన స్టీలు డబ్బా కడిగి అందులో పెట్టాను. ఎందుకో రాయనవసరం లేదు. గోడ మీద అరచేయంత చోటు గీకి, అక్కడ వీటిని అదిమితే చాలు. మాల కట్టే వేళ్ళకు అదేం కష్టం కాదు.

ఆదివారం పొద్దున డబ్బాను తుండుగుడ్డతో నడుముకు కట్టి, పైన వదులు చొక్కా వేసుకున్నాను. నీటి అర దగ్గర మేడమ్ సందు చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"అమ్మో, దీంట్లోనా? నా వల్ల కాదు. ఇరుకు చోటంటే నాకు గుండె దడ. మీరు దిగండి. ఫోటో కూడా మీరే తీసేయండి. గడ్డలున్నాయని మీరు చూసి చెప్తే నేను చూసినట్టే."

ఇంత సులువవుతుందని నేను అనుకోలేదు. కెమెరా మెడకు తగిలించుకుని, పొట్ట బిగించి కిందికి జారాను.

లోపల గోడ మెరుస్తోంది. ఆ ఏడు వాన బాగా పడింది కదా, మొక్క మూడింతలు పెరిగింది. డబ్బా విప్పి, తలకోన మట్టిబెడ్డ చేతిలోకి తీసుకున్నాను. కుడిచేత్తో కత్తి పట్టుకున్నాను. నేను చూసి చెబితే ఆమె చూసినట్టే. ఇరవై ఏళ్ళుగా ఆ కాలేజీలో నాకున్నది అదొక్కటే. ఎనిమిదో తరగతి చదివినవాడి దగ్గరికి ఎమ్మెస్సీ పిల్లలు వచ్చింది నా పేరు కోసం కాదు, నా కంటి కోసం. ఇప్పుడు ఉన్నదని చెబితే పేరు మిగులుతుంది, కన్ను పోతుంది. కత్తి గోడకు ఆనించి ఎంతసేపున్నానో తెలియదు.

"దొరికినాయా?" అని పైనుంచి మేడమ్ అడిగారు.

బెడ్డను మళ్ళీ డబ్బాలో పెట్టి నడుముకు కట్టుకున్నాను. నిజం చెప్పేద్దామని కాదు. ఈ ఏడు కూడా గడ్డ రాలేదు, వచ్చే ఏడు చూద్దాం అని చెబుదామనుకున్నాను. ఇంకో ఏడాది గడుస్తుంది. ఆ తరువాత ఇంకో ఏడాది.

సందులోకి తల పెట్టి, చేతులు ముందుకు చాపి పైకి పాకాను. భుజాలు వచ్చాయి, ఛాతీ వచ్చింది. నడుము దగ్గర డబ్బా అంచు బండకు తట్టుకుని ఆగిపోయింది. వెనక్కి జారుదామంటే చొక్కా మడతపడి చంకల కింద బిగుసుకుంది. కాళ్ళు గాలిలో ఉన్నాయి. చెంప రాతికి ఆని ఉంది. కంటికి ఎదురుగా మేడమ్ చెప్పులు తప్ప ఏమీ కనబడడం లేదు.

జిలాన్ నా చేతులు పట్టి లాగాడు. "ఏందన్నా, బక్కపలచని మనిషివి, యాడ తట్టుకున్నావు? నడుములో ఏముండాది?"

"ఏం లేదు. వదిలేయ్, నేనే వస్తా."

"ఏం లేకుండా ఎట్ల ఇరుక్కుంటావు? ఊపిరి వదులు. ఇంకా వదులు. అన్నా, గట్టిగా ఏందో తగులుతా ఉండాదే!"

బలమంతా పెట్టి వెనక్కి గింజుకుంటే చొక్కా చిరిగి లోపలికి పడి ఉండేవాణ్ణి. పడితే డబ్బా అక్కడే వదిలి ఖాళీగా పైకి రావచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ అప్పటికి రెండేళ్ళుగా నేను ఆ సందులో ఉన్నాను. ఇంక ఒక్క నిమిషం ఉండలేననిపించింది.

"మేడమ్" అన్నాను చెప్పులను చూస్తూ. "నా నడుముకు ఒక డబ్బా ఉండాది. దాంట్లో తలకోన మొక్క ఉండాది. ఈడ గోడకు పెడదామని తెచ్చినాను. ఈడ గడ్డ లేదు మేడమ్. ఎప్పుడూ లేదు. ఆ పొట్లం చాలా చిన్నదైపోయిందని తలకోనది కొంచెం నేనే కలిపినాను."

జిలాన్ లాగడం ఆపేశాడు. కోట మీద కోతులు అరవడం వినబడింది. చెప్పులు కదలలేదు.

మేడమ్ అడిగిన మాట నేను ఊహించినది కాదు. "ఇట్ల ఎన్ని పొట్లాలు నింపినారు?" అన్నారు.

నేను ఒక్కటే అనుకుంటూ వచ్చాను. కానీ ఆమె అడిగిన తరువాత నా చేతులను నేను అడిగాను. "తెలీదు మేడమ్" అన్నాను. "ఇదొకటే కాదు."

జిలాన్ చెయ్యి దూర్చి తుండుగుడ్డ ముడి విప్పి డబ్బాను లోపలికి జారవిడిచాడు. అది రాతిమీద పడిన మోత లోపల తిరిగింది. ఆ తరువాత నేను సులువుగానే పైకి వచ్చాను. తిరుగు బస్సులో మేడమ్ ముందు సీట్లో కూర్చున్నారు. తిరుపతి వచ్చేదాకా వెనక్కి చూడలేదు.

మర్నాడే ఆమె పత్రికకు ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నారు. నన్ను పని నుంచి తీయించలేదు. అల్మారాల తాళంచెవులు మాత్రం అడిగి తీసుకున్నారు. ఆ తరువాత రెండేళ్ళపాటు, పాఠాలు లేని ప్రతి మధ్యాహ్నం, నేను సేకరించిన పొట్లాలన్నీ ఒక్కొక్కటీ విప్పి చూశాం. నేను విప్పాలి, ఆమె నీటి చుక్క వేసి నానబెట్టి ముక్కలు విడదీయాలి. గదికి ఒకే కిటికీ. మేడమ్ నంబరు తప్ప ఇంకో మాట అనేవారు కాదు. నంబరు చెప్పగానే ఆ రోజు ఏ కొండ, ఏ గోడ, ఎంత తెచ్చాను, ఏం కలిపాను, గుర్తు తెచ్చుకుని చెప్పాలి. ఇందులో ఒక మాట చెప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ళ కిందటి పొట్లం చూపించినా అది ఏ ఊరి రాయో చెప్పాను, ఒక్కటి కూడా తప్పలేదు. కలిపినవి పదిహేడు తేలాయి.

పెరుందేవికి ఆ ఆదివారం సాయంత్రమే చెప్పాను. "పేరు పోతే పోయింది, నా స్టీలు డబ్బా ఏమైంది?" అంది. దాని తరువాత మూడు రోజులు మాట్లాడలేదు. వడమాలపేట వెళ్ళి శాలువా తిరిగి ఇచ్చి, గోడ మీద రాత తుడిపించమని హెడ్మాస్టరును అడిగాను. "తుడిపిస్తే పిలకాయలు అడుగుతారు గదప్పా, ఏం చెప్పమంటావు?" అన్నారు దొరస్వామి గారు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. ఆయన చెప్పలేదు. నేనే సున్నం కొనుక్కుని వెళ్ళి, పిల్లలు చూస్తుండగా పూసి, ఎందుకు పూస్తున్నానో చెప్పి వచ్చాను. ఒక పిల్ల లేచి, "అయితే ఆ పాచికి ఇప్పుడు ఏం పేరు తాతా?" అని అడిగింది. చంద్రగిరిది కొత్తదేమీ కాదని, పుస్తకంలో ఎప్పటి నుంచో పేరున్నదేనని చెప్పాను.

మేడమ్‌కు పీహెచ్‌డీ 1982లో వచ్చింది, అనుకున్నదానికంటే మూడేళ్ళు ఆలస్యంగా. అందులో కొత్త జాతి లేదు.

పదిహేడు పొట్లాల పని ముగిసినది 1980 సెప్టెంబరులో. ఎండు మొక్కల అల్మారాల్లో ఒక నియమం ఉంటుంది. పొట్లం మీద తప్పు పేరు ఉన్నా ఆ చీటీ చింపకూడదు. దాని కింద సరైన మాట రాసి ఇంకో చీటీ అంటించాలి. ముందువాళ్ళు ఏం అనుకున్నారో తరువాతవాళ్ళకు తెలియాలి. చంద్రగిరి పొట్లం మీద మేడమ్ చేతిరాతతో సయాథోడియం దేవనాథని అని రాసిన చీటీ అట్లాగే ఉంది. కింద అంటించడానికి ఆమె ఖాళీ చీటీ ఒకటి తీసి, ఇంగ్లీషులో రెండు చోట్ల మొక్కలు కలిసిపోయినవి అని రాయబోయారు.

"కలిసిపోలేదు మేడమ్" అన్నాను. "కలిపినారు. నేను రాస్తాను, ఇటు ఇవ్వండి."

"మీ పేరు అక్కర్లేదు దేవనాథయ్యా. ఎవరు చేసినారని ఎవరూ అడగరు."

"రాయనీండి."

ఆమె చీటీ నా వైపు తోశారు. నాకు వచ్చిన భాషలోనే రాశాను. ఆరువేల పొట్లాల్లో తెలుగు చీటీ అదొక్కటే. "ఇందులో చంద్రగిరి మొక్క, తలకోన మొక్క ఉన్నాయి. పొట్లం వెలితిగా ఉందని 1976 ఆగస్టులో కలిపినది నేను. వి. దేవనాథన్, అటెండరు."

మేడమ్ ఆ చీటీ తీసుకుని రెండుసార్లు చదివారు. ఆ తరువాత నా చేతిలోని పెన్ను అడిగి తీసుకుని, నా సంతకం కింద మిగిలిన కాస్త చోటులో చిన్న అక్షరాలతో రాశారు. "ఆ చోటికి దిగి చూడకుండా రాసినది నేను. వకుళాదేవి."

జిలాన్ జిగురు సీసా తెచ్చాడు. చీటీ అంటించి, వంకర పోకుండా బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. ఆరేదాకా ముగ్గురం ఆ బల్ల దగ్గరే నిలబడ్డాం.